ఒక్క క్యారెక్టర్‌తో ఏడాది: దండగ అంటే ఒప్పుకోం



పోస్టు పెద్దది. ఓపిక ఉన్నోళ్లే చదవండి. సగం చదివి తిట్టకండి, తిట్టాలంటే మొత్తం చదివి తిట్టండి.

మేము టెక్కెన్ ఆడుతున్న ఫొటో ఒకటి మొన్న గ్రూపులో పెడితే ఎంత గొడవ అయ్యిందో మీకందరికీ తెలుసు. "2020 ఏప్రిల్‌లో జీవో 3 కొట్టేశారు, మన టీచరు పోస్టులు మనకు కాకుండా పోతున్నాయి, మీకు గేములు కావాల్సి వచ్చాయా?" అని ఒక అన్న అడిగారు. "ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చేది ఇందుకేనా?" అని ఇంకో అన్న. వాళ్ల మీద మాకు కోపం లేదు. మా ఇళ్లల్లో కూడా ఇదే అడుగుతారు. కాకపోతే దీనికి ఒక్క లైనులో జవాబు చెప్పలేం, అందుకే కూర్చుని రాస్తున్నాం.

ముందు లెక్క చెప్పేస్తాం. మేము ఐదుగురం. గన్నవరంలో హైవేకి లోపలగా రెండు గదుల పోర్షన్‌లో ఉంటాం. ఇద్దరం చింతూరు వైపు కోయవాళ్లం, ఒకడు సీతంపేట సవర, ఒకడిది ఎ.కొండూరు వైపు తండా, ఐదోవాడు ఇక్కడే డెల్టాలో కాలవగట్టు మీద పుట్టిన యానాది. ముగ్గురం చదువుతున్నాం, ఇద్దరం పని చేస్తున్నాం. పాత పీఎస్4 విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో పదమూడు వేలకు దొరికింది. పనిచేసే ఇద్దరూ ఎక్కువ వేశారు, మిగతావాళ్లం ట్యూషన్ డబ్బులు, క్యాటరింగ్ కూలి డబ్బులు కలిపాం. స్కాలర్‌షిప్‌లో ఒక్క రూపాయి లేదు. అయినా ఆ రెండో అన్న అడగడం మంచిదే అయ్యింది, లెక్క రాసి పెట్టుకోవడం మాకు అలవాటయ్యింది.

ఇప్పుడు అసలు విషయం. "గేములు ఆడటం" వేరు, ఒక క్యారెక్టర్‌ని పోటీకి సరిపడా నేర్చుకోవడం వేరు. మొదట్లో మాకూ ఈ తేడా తెలియదు. చిన్నప్పుడు నెట్ సెంటర్లో గంటకు ఇంతని ఇచ్చి టెక్కెన్ 3 ఆడినోళ్లే మనలో చాలామంది. ఎడ్డీని తీసుకుని కాళ్ల బటన్లు రెండూ దడదడ నొక్కితే వాడు గిరగిరా తిరుగుతూ అందర్నీ పడగొట్టేవాడు. ఎడ్డీని తీసుకున్నోడిని అందరం తిట్టేవాళ్లం, మన వంతు రాగానే మనమూ వాడినే తీసుకునేవాళ్లం. అది సరదా. దాన్ని దండగ అంటే మేము వాదించం.

టెక్కెన్ 7 ఇళ్లల్లో ఆడుకునేలా 2017 జూన్‌లో వచ్చింది. అందులో దాదాపు యాభై క్యారెక్టర్లు. మొదటి రెండు నెలలు మేము రోజుకొకడిని మార్చాం. ఓడిపోతే "ఈడు బాగోలేదు" అని ఇంకొకడిని పట్టుకోవడం. అలా ఎవరికీ ఏదీ రాలేదు. చివరికి ఒక రూలు పెట్టుకున్నాం: ఏడాదిపాటు ఐదుగురం ఒకే క్యారెక్టర్, మార్చేది లేదు. కజుయా మిషిమా. ఎందుకు కజుయా అంటే, నిజం చెప్పాలంటే, వాడి కథ. ఐదేళ్ల పిల్లాడిని తండ్రే కొండ మీద నుంచి లోయలోకి విసిరేస్తాడు, వాడు పాక్కుంటూ పైకి వస్తాడు. మా చింతూరోడు ఆ కథ విని "ఈడు మనోడే" అన్నాడు. తర్వాత కజుయా తండ్రి కన్నా పెద్ద దుర్మార్గుడు అవుతాడు, అది వేరే సంగతి.

కజుయా చేతిలో ఒక దెబ్బ ఉంది. ఎలక్ట్రిక్ విండ్ గాడ్ ఫిస్ట్ అంటారు, మేము "పిడుగు" అంటాం. ముందుకు ఒకసారి నొక్కి వదిలెయ్యాలి. తర్వాత కిందకి. తర్వాత కిందకీ ముందుకీ మధ్య మూలకి. వేలు ఆ మూలకి చేరిన క్షణంలోనే త్రికోణం బటన్ పడాలి. క్షణం అని ఊరికే అనట్లేదు. ఈ ఆటలో సెకనుకి 60 ఫ్రేములు. మూలా, బటనూ ఒకే ఫ్రేములో పడితే పిడికిలి మీద నీలం మెరుపు వస్తుంది, అది పిడుగు. బటన్ ఒక్క ఫ్రేము ఆలస్యమైతే, అంటే సెకనులో అరవయ్యో వంతు, అదే చెయ్యి లేస్తుంది గానీ మెరుపు రాదు.

ఏమిటంత తేడా అంటారా? అవతలోడు మన దెబ్బ ఆపాడనుకోండి. అది పిడుగైతే మనం వాడి కన్నా 5 ఫ్రేములు ముందుంటాం, మళ్లీ మన వంతే. మామూలు దెబ్బైతే మనం 10 ఫ్రేములు వెనకబడతాం. ఈ ఆటలో దాదాపు అందరికీ ఉన్న అతి వేగమైన గుద్దు 10 ఫ్రేములది. అంటే వాడు మనల్ని కొట్టి తీరతాడు, మనం ఆపలేం. ఒక్క ఫ్రేము తేడాతో మన వంతు వాడిదైపోతుంది. కబడ్డీలో గీత తాకి తిరిగొచ్చినోడికీ ఒక్క వేలు ముందు దొరికిపోయినోడికీ ఉన్న తేడా లాంటిదే.

మొదటి రెండు వారాలు పదింటికి ఒక్కటి కూడా రాలేదు. బొటనవేలు బొబ్బలెక్కింది. ప్రాక్టీస్ మోడ్‌లో బొమ్మని నిలబెట్టి రోజుకి అరగంట, పదేసి సార్లు కొట్టడం, ఎన్ని పడ్డాయో పుస్తకంలో రాసుకోవడం. మూడు నెలలకు పదింటికి ఏడు. మధ్యలో ఒక విషయం బయటపడింది. టీవీలో బొమ్మ ఆలస్యంగా వస్తోందని ఎవరో చెబితే సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టాం, అదే రోజు లెక్క పెరిగింది. రెండు నెలలు మా వేళ్లనే తిట్టుకున్నాం, సగం తప్పు టీవీది!

పిడుగు వచ్చేసింది కదా అని సంబరపడ్డాం గానీ అది పదోవంతు కూడా కాదు. అవతలోడు ఏ దెబ్బ కొడితే అది ఆపాక ఎన్ని ఫ్రేములు వెనకబడతాడో తెలియాలి. 10 అయితే కజుయా మూడు గుద్దుల వరస వెయ్యొచ్చు, అంతకన్నా ఎక్కువైతే ఇంకా పెద్దది. ఇలా యాభైమందికీ, ఒక్కొక్కడికి పదుల కొద్దీ దెబ్బలు. ఆ లెక్కలు తెర మీద చూపించే సౌకర్యం 2019లో ఇచ్చారు, అదీ విడిగా డబ్బు కట్టించుకుని. మేము కొనలేదు. నెట్‌లో జనం రాసి పెట్టిన పట్టికలు చూసి పుస్తకంలోకి ఎక్కించుకున్నాం.

ఆ పుస్తకం గురించి కొంచెం చెప్పాలి. ఆ పట్టికలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి, వీడియోలు కూడా ఇంగ్లిషే. ఇంగ్లిష్ మీడియంలో చదివినోళ్లకి అది అడ్డు కాదు. ఆశ్రమ పాఠశాల నుంచి వచ్చిన మాకు ఒక్కో మాటకి ఒక్కో సాయంత్రం పట్టింది. అందుకే తెలుగులో రాసుకున్నాం, దెబ్బలకి మా పేర్లు మేమే పెట్టుకున్నాం. కింద నుంచి కాలితో కోసేది "కొడవలి". ఆపాక కొట్టేది "బాకీ". బాకీ ఎంతో తెలియకుండా ఆడితే వడ్డీ కూడా మనమే కడతాం అని మా తండా తమ్ముడు అంటాడు. అలా రాసుకుంటుంటే తెలిసింది ఏంటంటే, ఈ ఆటలో తెలివి రహస్యంగా ఏమీ లేదు, వేరే భాషలో ఉంది అంతే. మా ఇంజనీరింగ్ సబ్జెక్టుల్లో కూడా ఇదే జరుగుతోందని అప్పుడు వెలిగింది. ఇప్పుడు అవి కూడా ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటున్నాం. గేము వల్ల మార్కులు పెరిగాయని చెప్పట్లేదు. పెరగలేదు కూడా. మాలో ఒకడికి ఆ సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోయింది, పరీక్ష ముందు రోజు రాత్రి రెండింటి దాకా ఆడాడు కాబట్టి పోయింది. ఇది దాస్తే ఈ పోస్టుకి విలువ లేదు. ఆ తర్వాత నుంచి పరీక్షలున్న నెలలో కంట్రోలర్లు పనిచేసే అన్న బీరువాలో ఉంటాయి, తాళం ఆయన దగ్గరే.

ఇక పోటీ సంగతి. విజయవాడలో ఒక కాలేజీ ఫెస్ట్‌లో టెక్కెన్ పెట్టారు, ఎంట్రీ ఫీజు కట్టి ముగ్గురం వెళ్లాం. కాలేజీ పేరు అనవసరం. పేర్లు రాసుకునే టేబుల్ దగ్గర మాలో ఒకడి ఊరి పేరు విని, "ఇక్కడ రిజర్వేషన్ లేదు బ్రో" అని ఒకడు నవ్వాడు. పక్కనున్నోళ్లు కూడా నవ్వారు. మనలో ఈ మాట విననోడు ఎవడైనా ఉన్నాడా? క్లాసులో, హాస్టల్లో, ర్యాంకు అడిగినప్పుడు, అన్నిచోట్లా విన్నదే. మేము ఏమీ అనలేదు, వెళ్లి కూర్చున్నాం.

ఇక్కడ మేము గెలిచి వాడి నోరు మూయించాం అని రాస్తే మీకు బాగుంటుంది. అలా జరగలేదు. ముగ్గురిలో ఇద్దరం మొదటి రౌండ్లో పోయాం, ఒకడు రెండో రౌండ్లో. ఎందుకు పోయామో కూడా చెబుతాం, సిగ్గేం లేదు. మొదటిది, మా గదిలో మంచం అడ్డం కాబట్టి ప్రాక్టీస్ ఎప్పుడూ ఎడమ వైపు నుంచే చేశాం. అక్కడ కుడి వైపు కూర్చోబెట్టారు. అటు నుంచి అన్నీ తిరగబడతాయి, ముందు అంటే ఎడమ అవుతుంది. పదింటికి ఏడు వచ్చే పిడుగు అక్కడ రెండు వచ్చింది. రెండోది, కజుయాతో ఆడేవాడి మీద ఎడమకు అడుగు వేస్తే చాలా దెబ్బలు తప్పిపోతాయి. ఆట తెలిసినోళ్లకి ఇది పాత సంగతే. మా ఐదుగురిలో అందరం కజుయానే కాబట్టి, అందరం ఎదురెదురుగా నిలబడి పిడుగులు వేసుకోవడమే తప్ప పక్కకి జరిగింది లేదు. అవతలి కుర్రాడు హాయిగా ఎడమకు జరిగి, మా చెయ్యి గాల్లో ఉండగా కొట్టాడు. వాడు మంచోడు కూడా, ఆట అయ్యాక కూర్చోబెట్టి ఎక్కడ పోయిందో చూపించాడు. నవ్వినోడు మాకన్నా ముందే ఓడిపోయాడంట, మేము చూడలేదు.

బస్సులో గన్నవరం వచ్చేదాకా ఎవరం మాట్లాడలేదు. రామవరప్పాడు దాటాక మా సవర తమ్ముడు అన్నాడు: "అన్నా, ఎందుకు ఓడిపోయామో తెలిసిన మొదటి పరీక్ష ఇదే." ఆలోచిస్తే నిజమే. ఎంసెట్లో ఎందుకు పోయిందో మాకు ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎందుకు వద్దన్నారో చెప్పరు. ఇక్కడ మాత్రం ఎన్ని ఫ్రేముల్లో ఎక్కడ తప్పు చేశామో రీప్లే చూస్తే కనబడుతుంది. కులం, ఊరు, యాస వంక పెట్టడానికి వీల్లేదు. మనమూ వాటిని సాకుగా చెప్పుకోవడానికి వీల్లేదు, అదీ మంచిదే. ఆ టేబుల్ దగ్గర నవ్వు మాత్రం ఫ్రేముల్లో రాదు, దానికి వేరే జవాబు కావాలి. దాన్ని ఆటతో తీర్చేస్తాం అనుకునేంత అమాయకులం కాదు.

ఏడాదిపాటు ఐదుగురం ఒకే క్యారెక్టర్ అన్న రూలు సగం కరెక్టు, సగం తప్పు అని అప్పుడు తేలింది. ఒక్కొక్కడు ఒక్కదాన్నే పట్టుకోవాలి, కానీ ఐదుగురం ఐదు పట్టుకోవాలి. ఇది లాహోర్ వాళ్లని చూసి నేర్చుకోవాల్సింది. అర్స్‌లాన్ సిద్ధిఖీ అని లాహోర్ కుర్రాడు, అర్స్‌లాన్ యాష్ అంటారు. 2019 ఫిబ్రవరిలో జపాన్‌లో ఈవో జపాన్ గెలిచేదాకా బయట ప్రపంచంలో అతని పేరు తెలిసినోళ్లు తక్కువ. వీసాల తిప్పలు పడి, విమానాలు మారి మారి వెళ్లి గెలిచాడు. అదే ఏడాది ఆగస్టులో అమెరికాలో లాస్ వేగాస్‌లో జరిగిన ఈవోలో కొరియా దిగ్గజం 'నీ'ని ఫైనల్‌లో కొట్టాడు. గెలిచాక అతను చెప్పింది ఏంటంటే, మా ఊళ్లో నాలాంటోళ్లు ఇంకా ఉన్నారని. జనం నమ్మలేదు. 'నీ' స్వయంగా పాకిస్తాన్ వెళ్లి ఆడి చూశాడు, పేరు కూడా తెలియని కుర్రాళ్ల చేతిలో ఓడాడు.

వాళ్లకి స్పాన్సర్లు లేరు, విదేశీ పోటీలకి వెళ్లే వీలు లేదు. ఆర్కేడ్ షాపుల్లో ఒకరితో ఒకరు, రోజూ, ఒక్కొక్కరు ఒక్కో క్యారెక్టర్‌తో ఆడి ఆడి అంత పదునెక్కారు. మాకు ఈ కథలో నచ్చింది చాంపియన్ కాదు, చుట్టూ ఉన్న ఆ గుంపు. మన దగ్గర గుంపు ఉంది కదా! పాడేరు నుంచి నెల్లూరు దాకా మన పిల్లలు హాస్టళ్లలో గుంపులుగానే పెరుగుతున్నారు. ఒంటరిగా గదిలో ఇంటర్నెట్‌లో ఆడేవాడి కన్నా మనకి అది బలం. పైగా మన సిగ్నల్‌తో ఆన్‌లైన్‌లో పిడుగు వెయ్యడం అంటే, కాలవలో ఈదుతూ దారం సూదిలో ఎక్కించడమే.

ఇంకో మాట. ఈ ఆటల్లో మనలాంటోళ్లని ఎలా చూపిస్తారో గమనించారా? స్ట్రీట్ ఫైటర్‌లో టీ హాక్ అని ఉంటాడు, 1993లో వచ్చాడు. మెక్సికో ఆదివాసీ. కొండంత మనిషి, తలకి ఈకలు, దెబ్బ పేరు కూడా పక్షి పేరే. మోర్టల్ కాంబాట్‌లో నైట్‌వుల్ఫ్, 1995. గొడ్డలి, విల్లు, ఆత్మలతో మాటలు. ఇక ఇండియా అనగానే మెడలో పుర్రెల దండ వేసుకుని నోట్లోంచి మంట ఊదే ధల్సిమ్, 1991 నుంచి. ఎవరో దూరం నుంచి చూసి గీసిన బొమ్మలు ఇవి. మనల్ని సినిమాల్లో ఆకులు కట్టి గంతులేయించడానికీ వీటికీ పెద్ద తేడా లేదు. టెక్కెన్‌లో జూలియా చాంగ్ మాత్రం కొంచెం నయం. ఆదివాసీ తల్లి పెంచిన పిల్ల, చదువుకున్న పిల్ల, పోయిన అడవిని మళ్లీ పెంచాలని పరిశోధన చేస్తుంది. 2019లో టెక్కెన్ 7లోకి ఆమెని తెచ్చారు, విడిగా కొనుక్కోవాలి. చందాలేసి కొన్నాం, మా చెల్లి ఒకామె ఇప్పుడు ఆమెతోనే ఆడుతోంది.

ఎడ్డీ సంగతి కూడా తర్వాత తెలిసి ఆశ్చర్యపోయాం. మనం బటన్లు నొక్కి వెక్కిరించిన ఆ గిరగిరల పేరు కాపోయెరా. బ్రెజిల్‌లో బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనం నాట్యంలో దాచుకుని పెంచుకున్న యుద్ధవిద్య. 1890లో అక్కడి చట్టం దాన్ని నేరం చేసింది. 2014లో యునెస్కో దాన్నే మానవజాతి వారసత్వంగా గుర్తించింది. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసిన చట్టం కింద బతికిన యానాది, ఎరుకల తాతల మనవళ్లకి ఈ కథ వేరేవాళ్లు విడమరిచి చెప్పక్కర్లేదు.

డబ్బుల ఆటల గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. ఫొటో కింద చాలామంది "రమ్మీ లాంటిదే కదా" అన్నారు. కాదు. పందెం పెట్టి ఆడేవాటిని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని వేరుగా గుర్తించింది. మా హాస్టల్ రోజుల్లో ఇద్దరు కుర్రాళ్లు రంగుల యాప్‌లో మెస్ డబ్బులు పోగొట్టుకుని ఊరెళ్లిపోయారు, ఒకడు తిరిగి చదువుకి రాలేదు. సంక్రాంతికి ఇక్కడి బరుల్లో కోడికి కత్తి కట్టి లక్షలు పోసే పెద్దమనుషుల్ని ఎవరూ "సమయం దండగ" అనరు, అది సంప్రదాయం అంటారు. మా గదిలో పందెం లేదు, ఒక్క టీ కూడా పందెం కాయం. అది మా రెండో రూలు.

ఇందులో ఉద్యోగం ఉందా అంటే, లేదు. తమ్ముళ్లకి అబద్ధం చెప్పం. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ పతకం ఆట అయ్యింది. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ వెళ్లారు, పతకం రాలేదు. స్వర్ణం గెలిచిన కొరియా కిమ్ గ్వాన్-వూకి అప్పుడు 44 ఏళ్లు. అంటే వయసైపోతుందని తొందరపడి చదువు మానేయాల్సిన పని ఎవరికీ లేదు. డిగ్రీ అవ్వనివ్వండి, డీఎస్సీ రాయండి, గ్రూప్స్ రాయండి. జీవో 3 మీద ధర్నాకి పిలిస్తే మేమూ వస్తాం, ఇంతకుముందూ వచ్చాం. రోజుకి అరగంట పిడుగు కొట్టినోడు ధర్నాకి పనికిరాడని ఎవరు చెప్పారు? కోటీశ్వరుల పిల్లలు గిటారు నేర్చుకుంటే అభిరుచి, మన పిల్లలు ఏది ముట్టుకున్నా ముందు "ఉద్యోగం వస్తుందా" అని అడగడం మాత్రం మాకు నచ్చదు. అది మన పేదరికం అడిగే ప్రశ్న, అర్థం చేసుకుంటాం. కానీ ప్రతిసారీ దానికే జవాబు చెప్పుకుంటూ పోతే మనకంటూ ఇష్టమైనది ఏదీ మిగలదు.

చెల్లెళ్ల విషయంలో మేము తప్పు చేశాం. మగపిల్లల గది కాబట్టి వాళ్లు రాలేరు, వాళ్ల హాస్టల్ గేటు సాయంత్రమే పడిపోతుంది. జూలియాతో ఆడే చెల్లి స్నేహితురాలి లాప్‌టాప్‌లో కీబోర్డు మీద నేర్చుకుంది. ఒకసారి కజుయాని తీసుకుంటే పదికి తొమ్మిది పిడుగులు, రెండు వైపుల నుంచీ. మాలో ఎవరికీ రాదు. అందుకే వచ్చే నెల నుంచి నెలలో రెండు ఆదివారాలు పగటిపూట ఆడదాం అనుకుంటున్నాం, మా గదిలో కాదు, కింద పోర్షన్ ఆంటీ వాళ్ల వరండాలో. ఆవిడ ఒప్పుకున్నారు, చెప్పులు బయట విడవమన్నారు, మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు చప్పుడు చెయ్యొద్దన్నారు.

గన్నవరం, విజయవాడ, నూజివీడు చుట్టుపక్కల ఉన్నోళ్లు ఎవరైనా రావచ్చు. ఏ క్యారెక్టరైనా సరే, కజుయా మాత్రం చాలు, మా దగ్గర ఎక్కువైపోయారు. తెలుగు పుస్తకం ఫొటోలు తీసి గ్రూపులో పెడతాం, తప్పులుంటే దిద్దండి. టీవీని ఈసారి మంచానికి దూరంగా పెట్టాం, కుడివైపు కూర్చునే వీలుంది. కంట్రోలర్ ఉన్నోళ్లు తెచ్చుకోండి. మా దగ్గర రెండే ఉన్నాయి, అందులో ఒకదానికి కింద బటన్ అప్పుడప్పుడు ఇరుక్కుంటుంది, అది మొదట వచ్చినోడికి ఇవ్వం.